మున్నేరు వరద బ్యాడ్జి

12 జనవరి 1980, శనివారం

ఈ డైరీ మా ఆయనకి సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఇచ్చారట, తెచ్చి నా ఒళ్ళో పడేశారు. ప్రతి పేజీ అడుగునా సిమెంటు బస్తా బొమ్మ. పిల్లల హాజరు రాసుకో అన్నారు. హాజరుకి బళ్ళో రిజిస్టరుంది. ఇందులో నా గోల రాసుకుంటా, ఎవరు చదవొచ్చారు గనక.

పొద్దున నందిగామ వెళ్ళి ప్రేమానందం మాస్టారిని చూసొచ్చా. ఆయాసం ఎక్కువైంది. నెల కిందటి దాకా సైకిలు మీద తిరిగిన మనిషి మంచానికి అంటుకుపోయారు. సౌభాగ్యమ్మ గారు వీపు వెనక దిండ్లు పెట్టి కూచోబెడితే నాతో నాలుగు మాటలు మాట్లాడి మళ్ళీ కళ్ళు మూసుకున్నారు. చూడలేకపోయా.

ఆయన ముప్పై ఏళ్ళు స్కౌట్ మాస్టరుగా చేశారు. నేను జగ్గయ్యపేట ఆడపిల్లల బళ్ళో కుట్టు టీచరుగా చేరిన కొత్తలో గైడ్స్ పిల్లల్ని చూడ్డానికి ఎవరూ ముందుకు రాకపోతే నన్ను ఇరికించారు. తాడు ముళ్ళు వెయ్యడం దగ్గర్నుంచి గుడారం దింపడం దాకా నాకు నేర్పింది మాస్టారే. వాటితోపాటు ఈ రోగం కూడా ఆయనే అంటించారు. మూడు పాత గుడ్డ బ్యాడ్జీలు నా చేతిలో పెట్టి దాచుకో అమ్మాయ్ అన్నారు. పద్నాలుగేళ్ళయింది. ఇప్పుడు నాలుగు ఆల్బములు, మూడొందల ఎనభై ఆరు బ్యాడ్జీలు. యాభై మూడులో హైదరాబాదు జంబోరీది, అదే స్కౌట్ల పెద్ద జాతరది ఉంది, జపానుది ఉంది, హాలెండు నుంచి ఒకావిడ ఉత్తరంలో పెట్టి పంపింది ఉంది. ఇవి కొనరు, అమ్మరు. ఒకటిచ్చి ఒకటి తీసుకోవడమే. ఎదురుగా ఉంటే ఎడం చెయ్యి కలుపుతారు, స్కౌట్ల పద్ధతి అది. చెయ్యి కలిపాక నాది నాకిచ్చెయ్యి అనకూడదు.

ఇన్ని ఉన్నా నాక్కావలసింది నా దగ్గర లేదు. అది మాస్టారి చొక్కా జేబు మీద ఉంది. ముప్పై ఎనిమిదిలో మున్నేరు పొంగి పెనుగంచిప్రోలు దగ్గర ఇళ్ళు మునిగితే అప్పటికి కుర్రాడైన మాస్టారితో కలిపి పన్నెండు మంది స్కౌటు పిల్లలు తాటిదుంగల తెప్పల మీద మూడు రోజులు జనాన్ని ఒడ్డుకి చేర్చారు. వాళ్ళకి మిషన్ బడివాళ్ళు పన్నెండు బ్యాడ్జీలు చేత్తో కుట్టించి ఇచ్చారు. ఖాకీ గుడ్డ మీద మూడు నీలం అలలు, పైన ఎర్రదారం తెప్ప, కింద సంవత్సరం. పదకొండు పోయాయి. ఒకదాన్ని చెదలు తిన్నాయి, ఒకటి చొక్కాతో సహా స్టీలు గిన్నెలవాడికి పోయింది. అలా ఒక్కోటీ ఎలా పోయిందో మాస్టారు వేళ్ళు మడిచి చెప్తారు. మిగిలింది ఆయనదొక్కటే.

ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నా. నా ఆల్బములో ఏ పేజీ కావాలంటే ఆ పేజీ తీసుకోమన్నా. నవ్వి ఊరుకుంటారు. డెబ్బై ఆరులో మాత్రం చొక్కా మొత్తం వారం రోజులు నాకిచ్చి, బ్యాడ్జి విప్పనని నాచేత మాట తీసుకుని, చూసి కుట్టుకో అన్నారు. కుట్టా. అద్దాలు పెట్టుకుని చూసి మెచ్చుకున్నారు. ఎవరికి చూపించినా నకలు అని చెప్పి చూపించమన్నారు.

ఇవాళ ఆ ఆయాసంలోనే అన్నారు, తను పోతే ఆ చొక్కా వేసే సమాధి చెయ్యమని సౌభాగ్యానికి చెప్పేశారట. నాకు ఒళ్ళు మండింది. మనిషి చావుబతుకుల్లో ఉంటే నాకు మంటేమిటి, తెలుసు. అయినా మండింది. మట్టిలో కలపడానికా ఇన్నేళ్ళు దాచింది?

21 జనవరి, సోమవారం

మాస్టారు పోయారు. బడికి ఫోనొచ్చింది. వెళ్తున్నా.

22 జనవరి

నిన్న సాయంత్రం సమాధి చేశారు. ఊరంతా వచ్చింది. పాత స్కౌట్లు, బట్టతలలవాళ్ళు, మెడలో స్కార్ఫులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. సౌభాగ్యమ్మ గారు గట్టి మనిషి, అందరి ముందూ ఏడవలేదు. ఖమ్మంలో నర్సుగా చేస్తున్న కూతురు సువార్త ఒక్కతే తల్లి భుజం పట్టుకుని నిలబడింది.

చొక్కా నేనే ఇస్త్రీ చేశా. ఒక గుండీ ఊడింది, కుట్టమని ఆవిడే నా చేతికిచ్చారు. ఆ ఇంట్లో కుట్టు వచ్చినవాళ్ళు ఇంకెవరున్నారు. చెయ్యాల్సింది చేశా.

చెదలు నందిగామలో మరీ ఎక్కువ.

23 జనవరి

అన్నం సయించలేదు. దగ్గు వస్తోందని చెప్పి బళ్ళో కూడా నోరు విప్పలేదు.

25 జనవరి, శుక్రవారం

సరే, రాస్తా. నాకోసం రాసుకునే దాంట్లో కూడా దాపరికమేమిటి.

మార్చేశా. నా నకలు చేతిసంచిలో ఉంది. ఎందుకుందంటే, మాస్టారికి ఆఖరిసారి చూపిద్దామని పెట్టుకున్నా. పోయిన మనిషికి చూపించేదేమిటి. ముందు గదిలో పాటలు పాడుతున్నారు. వెనక గదిలో నేనూ, చొక్కా, సూదీ. బ్లేడుతో చుట్టూ కుట్లు తెంపి అసలుదాన్ని తీసి, ఆ చోట నకలు పెట్టి కుట్టా. పది నిమిషాల పని. ఆ తర్వాత గుండీ కుట్టి, ఇస్త్రీ చేసి తీసుకెళ్ళి సౌభాగ్యమ్మ గారికిచ్చా. ఆవిడే తొడిగి, లోపల్నుంచి చెయ్యి పోనిచ్చి ఛాతీ మీద గుడ్డ సర్దారు. జేబు దగ్గర కాసేపు ఆ చెయ్యి ఆగింది. దుఃఖం అనుకున్నా.

ఇంటికొచ్చి తలుపేసుకుని చూశా. మాస్టారు విప్పనివ్వలేదు గనక వెనకవైపు చూడ్డం నాకిదే మొదలు. ఒక్క ముడి లేదు. దారం కొసల్ని కుట్ల కిందికే దూర్చి దాచేశారు. ముందెంత శుభ్రంగా ఉందో వెనకా అంతే. ముడి వెయ్యని కుట్టు నిలవదని నేను రోజూ పిల్లల నెత్తిన మొత్తుతుంటా. నలభై రెండేళ్ళు నిలిచింది ఇది. ఎవరు కుట్టారో ఆ మహాతల్లి.

నేను దొంగని కాను. మట్టిపాలయ్యేదాన్ని ఆపా, అంతే. ఆయనకి కూడా తెలిస్తే నవ్వేవారేమో.

నవ్వేవారు కాదు.

10 ఫిబ్రవరి

కుట్టుమిషను సొరుగులో, బాబిన్ల డబ్బా అడుగున పెట్టా. ఆల్బములో పెట్టలేను. పెడితే మా ఆయన కంట పడుతుంది. ఆయన కంట పడితే ఊళ్ళో పడ్డట్టే, ఆయన నోట్లో ఆవగింజ నానదు.

24 ఫిబ్రవరి

చెప్పానా. ఇవాళ మా ఆయన ఫ్యాక్టరీలో కొత్త ఇంజనీరు భవానీప్రసాద్ గారిని భార్యతో సహా భోజనానికి పిలిచి, వాళ్ళు పప్పన్నంలో ఉండగానే నా ఆల్బములు పట్టుకొచ్చారు. మా ఆవిడ దగ్గర లేనిది ఇండియాలో లేదండి అంటున్నారు. ఆ అమ్మాయి పాపం ఆసక్తిగా అన్నీ చూసి, మీకు వీటిల్లో అన్నిటికంటే ఇష్టమైంది ఏదండీ అని అడిగింది. హైదరాబాదు జంబోరీది చూపించా. నా వెనక మూడడుగుల్లో మిషను సొరుగు.

దాచుకున్నది చూపించుకోలేకపోతే అది ఉన్నట్టా లేనట్టా? ఇదివరకు అది నాది కాకపోయినా ఆదివారం ఆదివారం వెళ్ళి చూసేదాన్ని. ఇప్పుడు నా ఇంట్లోనే ఉంది, సొరుగు తీసి చూడ్డానికి భయం.

3 ఏప్రిల్

కాజీపేట నుంచి నబీ గారు రాశారు. ఆయన రైల్వేలో చేస్తారు, నాలాగే బ్యాడ్జీల పిచ్చి. మాస్టారి బ్యాడ్జి నిజంగానే సమాధిలో పెట్టేశారా, అయ్యో అని నాలుగు పేజీలు బాధపడ్డారు. అవునండీ పెట్టేశారు అని కార్డు రాసి పడేశా. పోస్టు డబ్బా నోట్లో పడ్డాక చేతులు కడుక్కున్నా, ఎందుకో.

10 జూన్, మంగళవారం

ఇవాళ సౌభాగ్యమ్మ గారు మా ఇంటికొచ్చారు. చిల్లకల్లు దగ్గర బస్సు దిగి అక్కణ్ణుంచి రిక్షాలో, ఆ ఎండలో. మజ్జిగిచ్చా. కాసేపు పిల్లల సంగతులూ, ఎండల సంగతులూ అడిగారు. అప్పుడన్నారు,

"డెబ్బై ఆరులో నువ్వు కుట్టుకున్న నకలుంది కదమ్మా. అది నాకిస్తావా? పటం కట్టించి గోడకి పెట్టుకుంటా. అసలుది ఆయనతో పోయింది, నాకు చూసుకోవడానికి ఏమీ లేదు."

నకలు ఎక్కడుందో నాకు తెలుసు. విజయవాడలో ఒకరు చూస్తామని తీసుకెళ్ళారండీ, రెండు వారాల్లో తెప్పిస్తా అన్నా. మాట ఎంత సాఫీగా వచ్చిందో నాకే ఆశ్చర్యం. ఆవిడ నా మొహంలోకి చూసి, తొందరేం లేదు, తెప్పించు అన్నారు. రిక్షా ఎక్కేటప్పుడు మళ్ళీ అన్నారు, నీ దగ్గరున్నదే ఇవ్వమ్మా, కొత్తది కుట్టే శ్రమ పడకు అని.

11 జూన్

ఇచ్చేస్తే అయిపోతుంది. సొరుగులోంచి తీసి, ఇదేనండీ నకలు అని చేతిలో పెడితే చాలు. అసలుది వాళ్ళింటికి చేరుతుంది. ఎవరికీ తెలీదు. నాకు మాట పోదు. ఇంతకంటే మంచి దారి దేవుడు కూడా చూపించలేడు.

12 జూన్

ఇచ్చేస్తున్నా.

13 జూన్

గోడమీద పటంలో పెడితే ఎండ తగులుతుంది. రంగు వెలిసిపోదూ? ఆవిడకి చూసుకోవడానికి గుర్తు కావాలి. గుర్తుకి ఏదైతేనేం.

21 జూన్

కుట్టడం అయింది. ఇంత బాగా నా జన్మలో ఏదీ కుట్టలేదు. మా ఆయన పాత ఖాకీ నిక్కరు వెనకభాగం, అరిగి మెత్తబడింది, అందులోంచి గుడ్డ కత్తిరించా. నీలం దారం, ఎర్రదారం చాకలి సబ్బులో ఉడికించి నాలుగు రోజులు డాబా మీద ఎండలో పడేశా. కుట్టాక టీ డికాక్షన్‌లో ముంచి, ఆరాక గరుకు రాయి మీద అంచులు రుద్దా. పక్కపక్కన పెడితే నాకే ఒక క్షణం తేడా తెలియలేదు. వెనక కూడా అచ్చం దానిలాగే, ఒక్క ముడి లేకుండా కుట్టా. ఆ పద్ధతి పట్టుబడ్డానికి మూడుసార్లు విప్పి కుట్టాల్సొచ్చింది. గర్వంగా ఉంది. సిగ్గు పడాల్సిన చోట గర్వపడుతున్నా, అదీ నా తెగులు.

28 జూన్, శనివారం

నందిగామ వెళ్ళి ఇచ్చొచ్చా.

సౌభాగ్యమ్మ గారు అరచేతిలో పెట్టుకుని ముందు చూశారు. బాగుందన్నారు. తర్వాత తిరగేశారు. వెనక వేలితో మెల్లిగా తడిమారు, ఈ చివర్నుంచి ఆ చివరికి. తర్వాత చెప్పారు. ముప్పై ఎనిమిదిలో ఆవిడ మిషన్ బళ్ళో కుట్టు క్లాసులో ఉండేదట. ఆ పన్నెండు బ్యాడ్జీలూ ఆవిడే కుట్టింది. పదిహేనేళ్ళ పిల్ల అప్పుడు. ఎవరికి పోతాయో కూడా తెలీదు. పెళ్ళయ్యాక మాస్టారి పెట్టెలో చూసి, ఇది నా కుట్టే అంటే ఆయన నమ్మలేదట. వెనక తిప్పి చూపిస్తే నమ్మారట. ఈ సంగతి ఆవిడే బయట చెప్పొద్దన్నారట.

"డెబ్బై ఆరులో చొక్కా మీదున్నదాన్ని విప్పకుండా కుట్టావు కదమ్మా," అన్నారు. "వెనక ఇలా ఉంటుందని నీకెలా తెలిసింది?"

ఊహించానండి అన్నా. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఆ రోజు చొక్కా తొడిగి లోపల సర్దుతుంటే చేతికి ముళ్ళు తగిలాయమ్మా అని మాత్రం అన్నారు. కొత్త దారంతో గట్టిగా వేసిన ముళ్ళు, కంది గింజలంత. ఆ మాట చెప్పి లేచి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చారు. తాగా. బస్సెక్కా.

అంటే జనవరి నుంచీ తెలుసు. పెట్టె మూత వెయ్యకముందే తెలుసు. ఊరందరి ముందూ నా చెయ్యి పట్టుకుని అడగొచ్చు. అడగలేదు. ఎండలో మా ఇంటికొచ్చింది నకలు కోసం కాదు. నేను పరువుగా ఇచ్చెయ్యడానికి ఆవిడే దారి వేసి పెట్టింది. కొత్తది కుట్టే శ్రమ పడకు అని కూడా చెప్పింది. నేను డికాక్షన్ కాచుకుంటూ కూచున్నా.

ముళ్ళతో కుట్టి ఇచ్చినా ఆవిడకి తెలిసేదే. ముళ్ళు లేకుండా కుట్టి, దొంగసొత్తు నా దగ్గరుందని నా చేత్తో నేనే రాసిచ్చినట్టయింది.

5 జులై

ఎవరూ ఏమీ అనలేదు.

19 జులై

ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పోస్టుమాను కనపడితే తలుపు చాటుకి పోతున్నా.

2 ఆగస్టు

పిల్లలకి ముడి వెయ్యడం నేర్పించే పాఠం వాయిదా వేశా.

14 సెప్టెంబర్

పండగ చీర కొనుక్కోమంటే వద్దన్నా. మా ఆయన ఒంట్లో బాగోలేదా అని నుదురు పట్టుకు చూశారు. మంచివాడే. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్తే నా పక్షానే మాట్లాడతారు, అదీ నా భయం. మట్టిలో పోయేదేగా, మంచి పని చేశావ్ అంటారు. ఆ మాట ఇంకో నోట వింటే నమ్మేస్తా.

20 నవంబర్

కొంప మునిగింది. డిసెంబర్లో నందిగామలో స్కౌట్ల ర్యాలీ. మాస్టారి జ్ఞాపకార్థం పాత బ్యాడ్జీల ప్రదర్శన పెడుతున్నారు, నా నాలుగు ఆల్బములూ కావాలట. మా ఆయన నాకు చెప్పకుండానే ఒప్పేసుకున్నారు. మాస్టారి ఒరవడి నిలబెట్టినందుకు నాకు శాలువా కప్పుతారట. కప్పేది సౌభాగ్యమ్మ గారట. కార్డు కూడా అచ్చేశారు, నా పేరు పక్కన శ్రీమతి అని.

22 నవంబర్

పారిపోవడానికి పుట్టిల్లు కూడా లేదు నాకు. బడి, ఇల్లు, మిషను. మిషను ముందు కూచోకుండా కుట్టు టీచరు ఎన్ని రోజులు బతుకుతుంది? పెడల్ తొక్కిన ప్రతిసారీ సొరుగు కదులుతుంది.

29 నవంబర్, శనివారం

ఇవాళ తీసుకెళ్ళా. జేబురుమాల్లో చుట్టి, రవిక లోపల పెట్టుకుని. బస్సులో గంట సేపు గుండె మీద మంటలా ఉంది. పెనుగంచిప్రోలు సంతకి పోయే ఒకావిడ పక్కన కూచుని మిరపచేను సంగతి చెప్తోంది, ఊ కొట్టా.

సౌభాగ్యమ్మ గారు వరండాలో బియ్యం ఏరుతున్నారు. నా మొహం చూసి చేట పక్కన పెట్టారు. కూచోకుండానే చెప్పేశా. ఆ రోజు నేనే మార్చానండి, ఆయనతో పోయింది నకలు, ఇది అసలుది, దొంగతనం చేశా. అనుకున్నంత ఏడుపు రాలేదు. ఆరేడు మాటలు. వాటి కోసం పది నెలలు పట్టింది నాకు.

తెలుసమ్మా అన్నారు. జూన్‌లో నా దగ్గర నకలు లేదని తెలిసే అడిగారట. అసలుదాన్నే నకలని ఇచ్చేస్తే నీ పరువు నీకుంటుంది, నా వస్తువు నాకొస్తుంది అనుకున్నా, నువ్వేమో కూచుని ఇంకోటి కుట్టావు అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

తీసుకోండి అని చేతిలో పెట్టబోయా. చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"గోడకి పెట్టుకోవడానికి కుట్టలేదు నేను దాన్ని. ఆయన ఒంటి మీద ఉండాల్సింది. ఇప్పుడు సమాధి తవ్వలేం కదా. నన్ను పెట్టెలో పెట్టేముందు నువ్వొచ్చి నా చీరకి కుట్టు. నేనే పట్టుకెళ్ళి ఆయనకిస్తా."

అప్పటిదాకా ఎవరి దగ్గర ఉంచుతారని అడిగా. నీ దగ్గరే అన్నారు. నా దగ్గరా అండీ అన్నా. తీసినదానివి నువ్వే పెట్టాలి, ఈ సంగతి సువార్తక్కూడా చెప్పను అన్నారు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, భోంచేసి వెళ్ళు, గోంగూర పప్పు వండా అన్నారు. తిన్నా. పప్పు బాగుంది. ఆ ఇంట్లో అన్నం నా గొంతు దిగిందంటే నా మొండితనం చూడు.

గోడ మీద పటంలో నేను కుట్టింది వేలాడుతోంది. తలెత్తలేకపోయా.

14 డిసెంబర్

ర్యాలీకి జ్వరమని చెప్పా. చెప్పాక నిజంగానే వచ్చింది, నూట రెండు. ఆల్బములు మా ఆయన పట్టుకెళ్ళారు. శాలువా కూడా ఆయనే కప్పించుకుని వచ్చారు.

8 మార్చి 1981

ఈ డైరీలో ఖాళీ పేజీలు చాలా ఉన్నాయి. కొత్తది ఎందుకు, ఇందులోనే రాస్తా. రాయడానికేముంది. కర్పూరపు ఉండలు మార్చా. చెదలు పట్టలేదు.

30 ఆగస్టు 1981

మాస్టారి తర్వాత నేను ఎవరితోనూ ఎడం చెయ్యి కలపలేదు. కొత్త బ్యాడ్జి ఒక్కటీ రాలేదు. మూడొందల ఎనభై ఆరు, అక్కడే ఆగింది.

17 మే 1982

నబీ గారు మళ్ళీ రాశారు. ముప్పై ఏడులో ఢిల్లీ జంబోరీది ఆయన దగ్గర రెండున్నాయట. ఒకటి నాకిస్తారట. బదులుగా మాస్టారి బ్యాడ్జి నకలు కుట్టి పంపమంటున్నారు, నకలైనా చాలు అన్నారు. ఇదివరకైతే ఆ ఉత్తరం అందుకుని ఎగిరి గంతేసేదాన్ని. చేతికి గాయమైంది, సూది పట్టుకోలేకపోతున్నా అని రాశా. మంచి మనిషి, వేడినీళ్ళ కాపడం పెట్టుకోమని మళ్ళీ కార్డు రాశారు.

9 జనవరి 1983

నందిగామ వెళ్ళా. సౌభాగ్యమ్మ గారు బాగా తగ్గారు. షుగరట. వెళ్ళినప్పుడల్లా బాగుందా అని ఒక్కటే అడుగుతారు. దేని సంగతో మా ఇద్దరికీ తెలుసు. బాగుందండి అంటా.

ఇంకో మాట కూడా రాయాలి. ఆవిడ ఎక్కువ కాలం బతకాలని కోరుకుంటున్నా. ఆవిడ మీద ప్రేమతోనే అనుకునేదాన్ని. ఆవిడున్నంత కాలం అది నా సొరుగులో ఉంటుంది కదా, అందుకు కూడా.

17 అక్టోబర్ 1983, సోమవారం

సౌభాగ్యమ్మ గారు పోయారు. నిన్న ప్రార్థన నుంచి వచ్చి పడుకుని మళ్ళీ లేవలేదట. సువార్త ఫోను చేయించింది. బస్సుకి ఇంకా అరగంట ఉంది. సూది, దారం, బ్లేడు, జేబురుమాలు. నాలుగూ పెట్టుకున్నానో లేదో మూడుసార్లు చూసుకున్నా.

18 అక్టోబర్

అంతా అయిపోయింది. ఇంక ఈ డైరీ నాకక్కర్లేదు, ఇదొక్కటీ రాసి మూసేస్తా.

సువార్త నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళి తెల్ల చీర చేతిలో పెట్టింది. అమ్మ చెప్పిందండీ, దీనికి మీరేదో కుట్టాలట, ఏమిటని అడిగితే టీచరుగారికి తెలుసు అంది, అని చెప్పి వచ్చేపోయేవాళ్ళని చూసుకోవడానికి ముందుకెళ్ళింది. మాస్టారి చొక్కా కుట్టింది ఆ గదిలోనే. అదే కిటికీ, అదే ముక్కాలిపీట.

చీర పరిచి జేబురుమాలు విప్పా. మూడేళ్ళ తర్వాత వెలుతురులో సరిగ్గా చూడ్డం అదే. నీలం అలలు ఏమాత్రం మారలేదు. ఎంత బాగుందో. అది మట్టిలోకి పోయే ముందు కూడా ఎంత బాగుందో అనుకున్నా, దాచుకోవడం ఎందుకు.

తలెత్తితే గోడ మీద పటం. నేను కుట్టింది. వెనక ముళ్ళు లేవు, ముందు తేడా లేదు. ఆ రెండిట్నీ వేరుచేసి చెప్పగల మనిషి ఈ లోకంలో ఇంకొకరు లేరు, ఉన్న ఒక్కరూ ముందు గదిలో కళ్ళు మూసుకుని పడుకున్నారు. ఆ పటంలోది చీరకి పోతే అసలుది గోడకి పోతుంది. గోడ మీదున్నది కొన్నాళ్ళకి, అమ్మ గుర్తుగా మీరే ఉంచుకోండి టీచరుగారూ అని సువార్తే నాకిచ్చేస్తుంది. ఖమ్మంలో ఆ పిల్లకెందుకు. పైగా ఎవరికి నష్టం. మట్టికి ఏదైతేనేం.

మేకు మీంచి పటం దింపా. ఎందుకు దింపానో నాకు తెలుసు. అద్దం వెనక అట్ట కూడా విప్పా.

అప్పుడు సువార్తని పిలిచా. నా చేతిలో విప్పిన పటం, చీర మీద అసలుది, అలాగే ఉంచి పిలిచా. మొత్తం చెప్పేశా. ఎనభై జనవరిలో ఏం చేశానో, వాళ్ళమ్మ నాకేం అప్పజెప్పిందో, ఇప్పుడు పటం ఎందుకు దింపానో. ఆ పిల్ల గోడకి ఆనుకుని విన్నది. నర్సు కదా, మొహంలో ఏమీ కనపడనివ్వదు. ఎర్రబడిన కళ్ళతో నన్ను అలా చూస్తూ, ఇప్పుడెందుకు చెప్తున్నారండీ, ఎవరికీ తెలిసేది కాదుగా అని అడిగింది.

"చెప్పకపోతే మళ్ళీ చేస్తా, తల్లీ. నా మీద నాకు నమ్మకం లేదు. నా దగ్గర కూచో."

వెళ్ళిపోతుందేమో, వెళ్ళి అందర్నీ పిలుస్తుందేమో అనుకున్నా. పిలిస్తే పిలవనీ అనుకున్నా. చివరికి వచ్చి పీట పక్కన నేల మీద కూచుంది. నా పమిట చెంగు తీసి ఆ పిల్ల కిందకి తోశా. దీని మీద కూచో, నేను లేవకుండా అన్నా. ఒక్క క్షణం నా వంక చూసి, చెంగుని కింద సర్దుకుని గట్టిగా కూచుంది.

అసలుదాన్ని చీర భుజం దగ్గర పెట్టి కుట్టడం మొదలెట్టా. దారం సూదిలోకి ఎక్కలేదు, ఆ పిల్లే ఎక్కించిచ్చింది. మధ్యలో చర్చి అయ్యగారు వచ్చారని ముందు నుంచి పిలిచారు. లేవబోయింది. కూచో అన్నా, కూచుంది. పావుగంట పట్టింది. సూది గుచ్చిన ప్రతిసారీ బ్యాడ్జి కొంచెం కొంచెంగా నాది కాకుండా పోతుంటే ఏడుపొచ్చింది. అది పోతోందనా, ఆవిడ పోయిందనా అంటే చెప్పలేను. ఆ పిల్ల నా చేతులవంకే చూస్తూ కూచుంది.

అయిపోయిందిగా, ఇంక లేవొచ్చాండీ అని అడిగింది. వద్దన్నా. చీరని వేరేవాళ్ళ చేత పంపించి, ఆవిడకి కట్టి, పెట్టె మూత వేశారని ఎవరో వచ్చి చెప్పేదాకా ఆ పిల్లని నా చెంగు మీంచి లేవనివ్వలేదు.